కవలల్ని ఒక్కడిని చేసిన స్క్రిప్టు: ఒక విశాఖ కాలేజీ విద్యార్థుల డేటాబేస్ కేస్ స్టడీ

"నాకిద్దరు కొడుకులు బాబూ. మీ కంప్యూటర్లో ఒక్కడే ఉన్నాడంటారేటి?"

సెమిస్టర్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు మా ఆఫీసు కౌంటర్ దగ్గర ఒకావిడ అడిగిన మాట ఇది. సింహాచలం పక్కన అడవివరం నుంచి వచ్చారు. చేతిలో ఫీజు రసీదులు రెండున్నాయి, హాల్‌టికెట్ మాత్రం ఒకటే. వెనకాల ఒకే పోలికతో ఇద్దరు కుర్రాళ్ళు. కౌంటర్లో ఉన్న అమ్మాయి అప్పటికే స్క్రీన్ చూసి, "రెండో అబ్బాయి రికార్డు లేదమ్మా, అడ్మిషన్ క్యాన్సిల్ అయిందేమో" అనేసింది. ఆ మాటతో ఆవిడ మొహం మారిపోయింది. నన్ను పిలిచారు. రోల్ నంబర్లు రెండూ కొట్టి చూస్తే రెండింటికీ ఒకే మనిషి వచ్చాడు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఎందుకంటే అది నా చేతి పనే.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో విద్యార్థుల డేటాబేస్ చూసుకుంటాను. కాలేజీ పేరు, పిల్లల పేర్లు ఇక్కడ రాయను. కవలల పేర్లు రామ్‌కుమార్, రాజ్‌కుమార్ అనుకోండి. అసలు పేర్లూ అంతే దగ్గరగా ఉంటాయి.

అసలు ఆ స్క్రిప్టు ఎందుకు రాశాను

మా సిస్టమ్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో కట్టింది. ఒకేసారి కట్టిందీ కాదు. మొదట అడ్మిషన్లు, తర్వాత ఫీజులు, ఆ తర్వాత పరీక్షల సెక్షన్ వచ్చి చేరాయి. ఎవరి అవసరానికి వాళ్ళు మనిషిని కొత్తగా ఎక్కించేవారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, మళ్ళీ నేరుగా వచ్చి చేరిన పిల్లాడికి రెండు రికార్డులు. గ్రూపు మారితే ఇంకొకటి. ఇదే యాజమాన్యం ఇంటర్ కాలేజీలో చదివొచ్చిన వాళ్ళకు మరొకటి. ఒక అమ్మాయికి నాలుగు రికార్డులు దొరికాయి. ఫీజు ఒకదాంట్లో, మార్కులు ఇంకోదాంట్లో, ఫొటో మూడోదాంట్లో. నాలుగోదాంట్లో పేరు తప్ప ఏమీ లేదు.

ఇలాంటివి చేత్తో కలపడం నెలల పని. అందుకని ఆ పని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, రాశాను. ఇంటి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఫోన్ నంబరు ఈ నాలుగూ కలవాలి. పిల్లాడి పేరు ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో కనీసం 85 శాతం పోలాలి. ఇవన్నీ కుదిరితే రెండు రికార్డులూ ఒకరివే అని కలిపేయాలి. స్పెల్లింగ్ తప్పుల్ని వదిలేయడానికే ఆ 85 శాతం పెట్టాను. రాసినప్పుడు చాలా జాగ్రత్తగా రాశాననే అనుకున్నాను. నాలుగు షరతులు, పైగా పేరు పోలిక, ఇంకేం కావాలి?

కవలలకు ఇంటి పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, నాన్న ఒకరే. ఇంట్లో ఉన్న ఫోన్ కూడా ఒకటే, నాన్నదే. రామ్‌కుమార్, రాజ్‌కుమార్ పేర్లు ఇంగ్లిషులో ఎనిమిదేసి అక్షరాలు, తేడా ఒక్క అక్షరం. ఎనిమిదిలో ఏడు కలిస్తే 87.5 శాతం. స్క్రిప్టు తన పని తాను చేసింది.

మన ప్రాంతంలో కవలలకు ప్రాస కలిసేలా పేర్లు పెట్టుకోవడం ఎంత మామూలో నాకు తెలీదా? రామలక్ష్మణులు, లవకుశులు అని పిలుచుకుంటూ పెరిగిన వాణ్ణే. కోడ్ రాసేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

ఏమేం పోయాయి

ఇక్కడ కాస్త లోపలికి వెళ్ళి చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువైంది కలపడం వల్ల కాదు, కలిపిన పద్ధతి వల్ల.

స్క్రిప్టు చేసే పని మూడు మెట్లు. ఉంచే రికార్డును ఎంచుకోవడం. మిగతా టేబుళ్ళన్నిట్లో రెండో మనిషి ఐడీ ఉన్నచోట మొదటి వాడి ఐడీ వేయడం. చివరికి రెండో రికార్డును డిలీట్ చేయడం. రెండో మెట్టులో నేను అప్‌డేట్ ఇగ్నోర్ అనే ఆదేశం వాడాను. ఒకే మనిషికి ఒకే పరీక్షలో ఒకే సబ్జెక్టుకు రెండు మార్కులు ఉండకూడదని టేబుల్‌లో నియమం ఉంది. అది అడ్డు తగిలి స్క్రిప్టు మధ్యలో ఆగిపోకుండా ఇగ్నోర్ పెట్టాను. అంటే అడ్డొచ్చిన వరుసలు మారకుండా, రెండో వాడి ఐడీ మీదే ఉండిపోతాయి, చప్పుడు చేయవు. మూడో మెట్టులో రెండో వాణ్ణి డిలీట్ చేయగానే, ఆన్ డిలీట్ క్యాస్కేడ్ (మనిషి రికార్డు పోతే దానికి తగిలించినవీ పోవాలనే అమరిక) ఉండటం వల్ల ఆ ఉండిపోయిన వరుసలు కూడా వాడితోపాటే వెళ్ళిపోయాయి. ఎక్కడా ఎర్రర్ రాలేదు. స్క్రిప్టు రాసుకునే చిట్టాలో (లాగ్‌లో) "విజయవంతం" అనే ఉంది.

పెద్దవాడు బీకాం, చిన్నవాడు బీఎస్సీ. ఉమ్మడి సబ్జెక్టులు ఇంగ్లిషు, తెలుగు. ఆ రెండింటి మిడ్ పరీక్ష మార్కులే పోయాయి. మిగతావి బతికాయి గానీ అన్నీ పెద్దవాడి ఖాతాలో. స్క్రీన్ మీద చివరి అడ్మిషన్ ఒక్కటే కనిపించేలా ఉండటంతో, మనిషి వెనక రెండు కోర్సులున్నట్టు ఎవరూ గమనించలేదు.

అటెండెన్స్ చూస్తే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మంగళవారం మూడో పీరియడ్‌లో ఆ ఒక్క విద్యార్థి బీకాం అకౌంట్స్ క్లాసులోనూ ఉన్నాడు, బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనూ ఉన్నాడు. నెల శాతం వంద దాటింది. వంద దాటిన శాతాన్ని మా రిపోర్టు వందగా చూపించేలా ఎప్పుడో ఎవరో సరిచేసి పెట్టారు. లేకపోతే మొదటి వారంలోనే దొరికేది.

వెనక్కి తీసిన విధానం

కలిపిన రాత్రికి ముందటి బ్యాకప్ ఉంది. దాన్ని మొత్తంగా దించేద్దామంటే, ఆ తర్వాత కట్టిన ఫీజులు, వేసిన అటెండెన్స్ అంతా పోతుంది. కాబట్టి బ్యాకప్‌ను పక్కన వేరే డేటాబేస్‌గా తెరిచి, చిన్నవాడి రికార్డును పాత ఐడీతోనే వెనక్కి తెచ్చాం. కొత్త ఐడీ ఇవ్వకూడదు. పాత ఐడీ ఫొటో ఫైలు పేరులో ఉంది, లైబ్రరీ కార్డు మీద ఉంది.

తర్వాత ఒక్కో వరుస ఎవరిదో తేల్చడం. ఫీజు రసీదుల మీద రోల్ నంబరు ఉంటుంది కాబట్టి అవి గంటలో తేలిపోయాయి. కలిపాక వేసిన అటెండెన్స్‌కు లెక్చరర్ల దగ్గరున్న కాగితం రిజిస్టర్లే దిక్కయ్యాయి. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ రిజిస్టర్లు ఎందుకని ఒకప్పుడు మీటింగ్‌లో వాదించింది నేనే. మా సూపరింటెండెంట్ గారు ఆ రోజు ఆ సంగతి ఎత్తలేదు, అది ఆయన మంచితనం. పోయిన మిడ్ మార్కులు బ్యాకప్‌లో ఉన్నాయి గానీ, బ్యాకప్ తర్వాత ఇంగ్లిషు మేడం రీవాల్యుయేషన్ చేసి రెండు మార్కులు కలిపారు. అందుకని బీరువాలోంచి జవాబు పత్రం తీసి చూసి వేశాం.

మర్నాడు సాయంత్రానికి రెండో హాల్‌టికెట్ చేతికిచ్చాం. "ఫొటో చూసుకోండమ్మా" అన్నాను. "మాకు తేడా తెలుస్తాది బాబూ, మీకే తెలీదు" అన్నారావిడ.

ఆ తర్వాత మార్చినవి

మొదట ఒక విషయం ఒప్పుకోవాల్సి వచ్చింది. డూప్లికేట్ రికార్డు చికాకే తప్ప ప్రమాదం కాదు. ఒకరే ఇద్దరుగా ఉంటే ఎప్పుడైనా కలపొచ్చు. ఇద్దరు ఒకరైపోతే ఎవరిది ఏదో చెప్పే ఆధారమే కరిగిపోతుంది. నేను మాత్రం డూప్లికేట్లు ఎంత తగ్గాయనే లెక్కనే చూసుకుని సంతోషపడ్డాను.

ఇప్పుడు స్క్రిప్టు ఎవర్నీ కలపదు. "వీళ్ళిద్దరూ ఒకరేనేమో చూడండి" అని జాబితా ఇస్తుంది, అంతే. కలపాలంటే ఆఫీసులో ఒకరు సర్టిఫికెట్లు చూసి ఒప్పుకోవాలి, పరీక్షల సెక్షన్‌లో ఇంకొకరు ఒప్పుకోవాలి. కలిపినా రెండో రికార్డు డిలీట్ కాదు. "ఫలానా రికార్డులో కలిసింది" అని ఒక గుర్తు పడుతుంది. ఏ టేబుల్‌లో ఏ వరుస ఏ ఐడీ నుంచి ఏ ఐడీకి మారిందో ప్రతిదీ వేరే చోట రాసి ఉంటుంది. విడదీయాలంటే ఆ చిట్టాను కింద నుంచి పైకి చదివితే చాలు. ఇగ్నోర్ తీసేశాం: అడ్డు తగిలితే ఆగిపోవాల్సిందే. ఒకే సబ్జెక్టుకు రెండు మార్కులు ఎదురుపడ్డాయంటే, ఇద్దరు మనుషులేమో అని డేటాబేస్ అరిచి చెబుతోందన్నమాట. ఆ అరుపు వినపడకుండా నేనే నోరు నొక్కాను. క్యాస్కేడ్ కూడా తీసేశాం. అటెండెన్స్‌లో ఒకే మనిషి ఒకే గంటలో రెండు చోట్ల కనిపిస్తే మర్నాడు పొద్దున్నే నాకు మెసేజ్ వస్తుంది.

ఇంకో చిన్న టేబుల్ పెట్టాం, చాలామంది పెట్టరు: "వేరువేరు అని తేలిన జంటలు". ఇది లేకపోతే అదే కవలల్ని ప్రతి సెమిస్టరుకూ జాబితా చూపిస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజు విసుగులో ఎవరో ఒకరు సరే అని నొక్కేస్తారు.

ఏది మనిషిది, ఏది కుటుంబానిది, ఏది ఊరిది అన్న తేడా కూడా అప్పుడే గీశాం. ఫోన్ నంబరు కుటుంబానిది. తండ్రి పేరు అన్నదమ్ములందరిదీ. పుట్టిన తేదీ మనిషిదే అనుకుంటాం గానీ, మా రికార్డుల్లో జూన్ నెల తేదీలు అనుమానం వచ్చేంత ఎక్కువ. బడిలో చేర్చేరోజు వయసు సరిపోయేలా మాస్టారు వేసిన తేదీలవి. ముఖ్యంగా ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లల్లో ఒకే ఊరు, ఒకే ఇంటి పేరు, ఒకే జూన్ తేదీ ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఏమీ కాకపోవచ్చు. మనిషిని గట్టిగా పట్టిచ్చేది పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం మూడూ కలిపి చూస్తేనే. అందులోనూ ఒక చిక్కుంది: ఒకే బడిలో చదివిన కవలలకు వరస నంబర్లు పడొచ్చు. మా వాళ్ళకు అలాగే పడ్డాయి. చివరి అంకె తేడా చూసి టైపింగ్ తప్పనుకుని మా ఆపరేటరే ఒకసారి "సరిచేశాడు".

పేర్ల దగ్గర మాకు ఎదురైన తిప్పలు

సింహాద్రి అప్పన్న దయ వల్ల మా జిల్లాల్లో ప్రతి క్లాసులోనూ ఒక అప్పలరాజో, అప్పలనాయుడో, అప్పలనరసమ్మో ఉంటారు. అనకాపల్లి వైపు నూకరాజులు, విజయనగరం వైపు పైడిరాజులు. ఒకే ఇంటి పేరుతో ఇద్దరు అప్పలరాజులుంటే ఆశ్చర్యం లేదు. అదే అప్పలరాజుకు సర్టిఫికెట్‌లో రెండు పీలు, ఆధార్‌లో ఒకటే పీ, బ్యాంకు పుస్తకంలో ఎల్ రెండుసార్లు ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఉచ్చారణను బట్టి పేర్లు వెతకడానికి మైఎస్‌క్యూఎల్‌లో సౌండెక్స్ ఉంది. అమెరికా పేర్ల కోసం వంద ఏళ్ళ కిందట పుట్టిన పద్ధతి. లక్ష్మిని కె-ఎస్-హెచ్‌తో రాసినా, ఎక్స్‌తో రాసినా రెండింటికీ ఎల్ 250 అనే కోడ్ వస్తుంది, అక్కడివరకు బాగుంది. కానీ అది అచ్చులు వదిలేస్తుంది, త, ద ఒకటే అంటుంది. కాబట్టి సీత, సత్య, సుధ ముగ్గురికీ ఎస్ 300. మరోపక్క మొదటి అక్షరాన్ని ముట్టుకోదు. కాబట్టి ఎర్ర అన్న ఇంటి పేరును ఒకచోట ఇ-తో, ఇంకోచోట వై-తో మొదలుపెడితే, రెండూ ఒకటని దానికి ఎప్పటికీ తెలీదు. ఇదంతా చూశాక సొంతంగా చిన్న పట్టిక రాసుకున్నాం: ఒకే హల్లు వెంటవెంటనే రెండుసార్లు వస్తే ఒకటి చేయడం, టీహెచ్‌ను టీ చేయడం, డబుల్ ఈని ఐ చేయడం, మొదటి వైఈని ఈ చేయడం, ఇలాంటివి. గొప్పగా ఏం లేదు, కానీ మన పేర్లకు పనికొస్తుంది.

తెలుగులో రాస్తే ఈ గొడవంతా పోతుందని నేనే తెలుగు పేరుకు ఒక కాలమ్ పెట్టించాను. చాలావరకు పోయింది కూడా. అప్పలరాజును తెలుగులో ఎవరు రాసినా ఒకేలా రాస్తారు. అయితే కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. "రాజ్‌కుమార్" అని రాయాలంటే పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక యూనికోడ్ అక్షరం కొడతాం, అది ఉంటేనే "జ్‌", "కు" విడిగా నిలబడతాయి. కొందరు పేరు చివర పొల్లు తర్వాత కూడా దాన్ని కొట్టేస్తారు. "శ్రీనివాస్" అని ఇద్దరు కొడితే కంటికి రెండూ ఒకటే, మా కోడ్‌కు మాత్రం వేరు. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా తేడా లేదు మరి. చివరికి అక్షరాల లెక్క తీస్తే ఒకదాంట్లో ఒకటి ఎక్కువుంది. ఇప్పుడు పోల్చే ముందు వాటిని తీసేసి పోలుస్తాం, దాచేటప్పుడు మాత్రం రాసినట్టే దాస్తాం.

ఇంకో నిర్ణయం మొదటి నుంచీ ఉండాల్సింది. పేరు అనేది రికార్డులో ఒక గడి కాదు, ఒక వరస. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఒకటి. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ, డిగ్రీ పట్టా సర్టిఫికెట్ పేరు మీదే నడుస్తాయి. విద్యార్థులకు కేంద్రం ఇచ్చే అపార్ ఐడీకి మాత్రం ఆధార్ పేరు కలవాలి. ఇదివరకు ఒక సెక్షన్ వాళ్ళు ఆధార్ పేరు వేసి పాతది చెరిపేసేవారు. ఇంకో సెక్షన్ వాళ్ళు మళ్ళీ సర్టిఫికెట్ పేరు వేసేవారు. ఇప్పుడు ప్రతి పేరు పక్కనా ఏ కాగితం నుంచి వచ్చింది, ఏ తేదీన చూశాం అని ఉంటుంది, ఏదీ చెరపం. ఏ పని కోసం ప్రింటు తీస్తే ఆ పేరు వస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. అందుకని "ఆధార్ మార్పించుకురా" అని కుర్రాళ్ళను తొందరపెట్టి పంపొద్దని ఆఫీసులో చెప్పాం. ముందు ఏ కాగితంలో తప్పుందో తేలాలి.

చిరునామాలోనూ ఇదే కథ. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. పాడేరు అమ్మాయి 2021లో ఇంటర్‌కు వచ్చినప్పుడు విశాఖపట్నం జిల్లా. 2023లో డిగ్రీకి వచ్చేసరికి అల్లూరి జిల్లా. ఇల్లు కదల్లేదు, జిల్లా కదిలింది. జిల్లా కూడా కలవాలని పెట్టిన చోట్ల ఒకే అమ్మాయి ఇద్దరైంది. సబ్బవరం, పరవాడ పిల్లలదీ అదే పరిస్థితి. ఇప్పుడు ఊరు, మండలం మాత్రమే పోలికలోకి తీసుకుంటాం.

ఆధార్ నంబరు గురించి రెండు మాటలు. పన్నెండంకెల నంబరును ఎక్సెల్ మామూలుగా వదిలేస్తే పాయింటు పెట్టి కుదించి చూపిస్తుంది. దాన్ని అలాగే సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్) ఫైలుగా సేవ్ చేస్తే వెనకంకెలు నిజంగానే పోతాయి. అలా పాడైన ఫైలొకటి మాకు వారం తిన్నది. నంబరులో చివరి అంకెను, తప్పులు పట్టడానికే మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెట్టారు కాబట్టి, ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఎక్కించేటప్పుడే పట్టేయొచ్చు. ఆ తనిఖీ పెట్టాం. సరిచూశాక చివరి నాలుగంకెలే ఉంచుతున్నాం. మొదటి సంవత్సరం పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్ళు చాలామంది. అలాంటివాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. ఊరికే దాచుకోవడానికి పూర్తి నంబరు ఎందుకు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

డిలీట్ బటన్ తీసేసినప్పుడు ఆఫీసులో గొణిగారు. టీసీ తీసుకుని వెళ్ళిపోయిన వాళ్ళ రికార్డులు ఎందుకని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా రికార్డు గది కిటికీలు ఊడిపోయి పాత అడ్మిషన్ రిజిస్టర్లు కొన్ని నీళ్ళలో నానాయి. ఎండబెట్టి, పేజీలు విడదీసి, చదవగలిగినవి ఎక్కించాం. ఇప్పటికీ ఎప్పుడో చదివి వెళ్ళినవాళ్ళ సర్టిఫికెట్ నిజమైనదేనా అని కంపెనీల నుంచి ఉత్తరాలు వస్తాయి. అంటుకుపోయిన పేజీలో ఉన్న మనిషి గురించి అడిగితే ఎంత ఇబ్బందో పాతవాళ్ళకు తెలుసు, వాళ్ళే గొణుగుడు ఆపించారు.

ఇంకా తేలనిది ఒకటుంది. గ్రూపు మారిన పిల్లల పాత రోల్ నంబర్ల మీద ఉన్న ఫీజు బాకీలు ఎవరు కలపాలన్నదాని మీద అకౌంట్స్ వాళ్ళకూ మాకూ పడటం లేదు. అది వేరే కథ.

కవలలు ఇప్పుడు ఫైనలియర్. "వేరువేరు అని తేలిన జంటలు" టేబుల్‌లో మొదటి వరుస వాళ్ళది. కారణం గడిలో మామూలుగా సర్టిఫికెట్ నంబర్లు రాస్తాం. అక్కడ మాత్రం మా కౌంటర్ అమ్మాయి "తల్లి స్వయంగా వచ్చి చెప్పింది" అని టైపు చేసింది. నేను మార్చలేదు.